భూమిలో పెట్టిన పొగ

4 జూన్ 2007

మొదటి ట్యాంకర్ వచ్చింది.

సర్జాపుర దాటాక ఆరు కిలోమీటర్లు మా సైట్. పెద్దమునియప్ప అనే రైతు దగ్గర రెండెకరాలు లీజుకి తీసుకుని కంచె వేశాం. ఒక షెడ్డు, ఒక కంప్రెసర్, ఆరువందల అడుగుల బోరు. అంతే. చూడ్డానికి ఏమీ లేదు.

ఒక ఫ్యాక్టరీకి సొంత పవర్ ప్లాంట్ ఉంది. దాని చిమ్నీలోంచి వచ్చే పొగని పట్టి, అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడదీసి, చల్లబరిచి, ట్యాంకర్లో పంపుతారు. మేం దాన్ని బోరులోకి తోసి రాతి పగుళ్ళలో నింపుతాం. అది మళ్ళీ పైకి రాకూడదు. రావడం లేదని చూపించడం నా ఉద్యోగం. చుట్టుపక్కల పొలాల్లో పాత బోర్ల దగ్గరా బావుల దగ్గరా మీటర్ పెట్టి రీడింగ్ రాసుకోవాలి.

కంపెనీ యజమాని అమరనాథ్ సార్ కొబ్బరికాయ కొట్టించారు. దీని మీద రీసెర్చ్ పేపర్ పబ్లిష్ అయితే ఫస్ట్ ఆథర్ నువ్వే సమీనా అన్నారు. బెళ్ళందూరు ఆఫీసు నుంచి మడివాళలో నేనుండే పీజీ హాస్టల్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ళ నొప్పి తెలియలేదు.

19 జూన్

పెద్దమునియప్ప పెద్దకొడుకు కృష్ణప్పతో ఈ రోజు మాట కలిసింది. అతని పొలం మా కంచెని ఆనుకునే ఉంటుంది. అందులో నలభై ఐదు అడుగుల పాత బావి. వానల్లో తప్ప నీళ్ళుండవు. భార్య రత్నమ్మ మజ్జిగ ఇచ్చింది. ఊరు కన్నడదైనా వాళ్ళింట్లో తెలుగే. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. ఇద్దరు ఆడపిల్లలు.

భూమిలోకి ఏం తోస్తున్నారని కృష్ణప్ప అడిగాడు. నంద్యాలలో తొమ్మిదో క్లాసులో చదువుకున్న మాటే నోటికొచ్చింది. బొగ్గుపులుసు వాయువు అన్నాను. పులుసా అని పగలబడి నవ్వాడు. మా నీళ్ళకేమీ కాదు కదా అని రత్నమ్మ అడిగింది. కాదన్నాను. నమ్మే చెప్పాను.

14 జులై

కృష్ణప్ప తమ్ముడు వెంకటేశప్ప ఈ రోజు మా వాచ్‌మన్ తల పగలగొట్టాడు. కంచె మూడడుగులు తమ పొలంలోకి వచ్చిందని గొడవ. పార కర్రతో ఒక్కటే దెబ్బ. వాచ్‌మన్ చెవిలోంచి రక్తం.

రెండు గంటల్లో సుమోలో కంపెనీ పంపిన నలుగురొచ్చారు. వాళ్ళని అంతకుముందు ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు. వెంకటేశప్పని ఇంట్లోంచి లాక్కొచ్చి, తల్లి మునివెంకటమ్మ ఎదురుగానే కొట్టారు. ఆమె కొడుకు మీద పడుకుంది. ఆమెని కాలితో పక్కకి నెట్టి మళ్ళీ కొట్టారు. మా కంప్రెసర్ ఆపరేటర్ సుబ్బరాయుడు నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి తలుపేశాడు. మోటార్ మోతలో కేకలు వినిపించలేదు.

అమరనాథ్ సార్‌కి ఫోన్ చేశాను. మీటర్ చూసుకోమన్నారు.

2 ఆగస్టు

కృష్ణప్ప పొలంలో బావి పక్కనే ఎండిపోయిన పాత బోరుంది. దాని మూతి దగ్గర కార్బన్ డయాక్సైడ్ 0.8 శాతం. మామూలు గాలికి ఇరవై రెట్లు. మీటర్ మార్చి చూశాను. 0.8.

9 ఆగస్టు

అదే చోట 3.1. బావి నీళ్ళ మీద కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. లెక్కపెట్టడం మానేశాను.

17 ఆగస్టు

6.4. బావి గట్టున కుక్క చచ్చిపడి ఉంది. ఒంటి మీద గాయం లేదు.

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళి అమరనాథ్ సార్ ముందు చార్ట్ పెట్టాను. ఈ రాయి పగుళ్ళ రాయి, మనం కింద తోసింది పక్కనుంచి పైకొస్తోంది, బావిలో దిగితే మనిషి బతకడు, ఆపేయాలి అన్నాను. ఇరవై మూడున పెట్టుబడి పెట్టే జర్మనీ వాళ్ళొస్తున్నారు, అప్పటిదాకా ఏదీ ఆపేది లేదన్నారు. మీటర్ ఎర్రర్ అయ్యుండొచ్చు కదా అన్నారు. రెండు మీటర్లూ తప్పేనా అన్నాను. తప్పే అయ్యుండాలి అన్నారు. ఇంగ్లీషులో, చాలా మెల్లగా.

కనీసం బావి చుట్టూ ముళ్ళకంపైనా వేయిద్దామన్నాను. వేస్తే ఎందుకని అడుగుతారు కదా అన్నారు.

23 ఆగస్టు

సంతకం పెట్టాను. జర్మనీ వాళ్ళకిచ్చే రిపోర్ట్‌లో, లీకేజీ లేదు అని.

6 సెప్టెంబర్, సాయంత్రం 5, ఆస్పత్రి వరండా

రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. వరసగా రాస్తాను.

పొద్దున ఏడూ నలభైకి సుబ్బరాయుడి బండి మీద సైట్‌కి చేరాను. గాలి లేదు. ఆకు కదలడం లేదు. కృష్ణప్ప బావి వైపు నుంచి రత్నమ్మ కేక. పరిగెత్తాను.

రాత్రి వానకి బావిలో నడుం లోతు నీళ్ళొచ్చాయట. మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వ్‌లో బురద ఇరుక్కుందని కృష్ణప్ప దిగాడు. రాతి మెట్లు కిందిదాకా ఉన్నాయి. దిగినవాడు దిగినట్టే పడిపోయాడట. పైనుంచి చూస్తే వీపొక్కటే కనిపిస్తోంది. మొహం నీళ్ళలో ఉంది.

దిగొద్దు, గ్యాస్ ఉంది, ఎవరూ దిగొద్దు అని అరిచాను. వెంకటేశప్ప పక్క పొలం నుంచి వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. మీ గ్యాసూ మీరూ అని రొమ్ము మీద చేయి పెట్టి తోసేశాడు. నేను లేచేసరికి సగం దిగాడు. ఇంకో ఆరేడు మెట్లు. ఆగి, అన్నా అన్నాడు. కాళ్ళు మడిచేసినట్టు కూలిపోయాడు. తల మెట్టుకి తగిలిన చప్పుడు పైదాకా వినిపించింది.

అప్పుడు రత్నమ్మ చీర ఎగదోపుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

జడ పట్టుకుని లాగాను. వెనక్కి తిరిగి నా చేతిని కొరికింది. కండ ఊడొచ్చేలా కొరికింది. "ఇడువు నన్ను! ఆయప్ప లోపలుండాడు, ఊపిరుండాది, ఇడువు!" అని అరుస్తోంది. నేను వదల్లేదు. ఇద్దరం గట్టు మీద పడ్డాం. ఆమెకి నాకంటే బలం ఎక్కువ. నా పొట్టలో తన్నింది, మళ్ళీ లేచి మెట్టు దిగింది. ఒకటి. రెండు.

కృష్ణప్ప తెచ్చి పెట్టిన పైపు రెంచ్ గట్టు మీద ఉంది. దాంతో ఆమె తల మీద కొట్టాను.

మొదటి దెబ్బకి ఆగలేదు. రెండోసారి కొట్టాను.

చేతులు చంకల్లో దూర్చి పైకి లాగాను. పిల్లలిద్దరూ గట్టున నిలబడి చూస్తున్నారు. చిన్నది చెంబు పట్టుకుని ఉంది.

లోపల ఆమెకి కుట్లు వేశారు. తొమ్మిది. నా సల్వార్ ముందంతా ఆమె రక్తం. నర్సు కడుక్కోమంది. కడుక్కోలేదు.

7 సెప్టెంబర్

నిన్నటిది ఇంకా ఉంది.

ఫైర్ వాళ్ళు తొమ్మిదిన్నరకి వచ్చారు. వీపు మీద సిలిండర్లు కట్టుకుని దిగి, అన్నదమ్ములిద్దర్నీ తాడుతో పైకి లాగారు. నేను మీటర్‌కి దారం కట్టి దింపి చూపించాను. పదిహేను అడుగులకే స్కేలు దాటింది.

శవాలు గట్టు మీద పెట్టేసరికి ఊరంతా వచ్చేసింది. ఎవరో షెడ్డు అన్నారు. అంతే. కంచె పీకేశారు. అద్దాలు, ప్యానెల్, కేబుల్స్. సుబ్బరాయుడు కంప్రెసర్ ఆపుతున్నాడు. పేలకుండా ప్రెషర్ దించుతున్నాడు, వాళ్ళ కోసమే. బయటికి లాగి ఇనప పైపు ముక్కలతో కొట్టారు. అతను కళ్ళద్దాలు మాత్రం చేత్తో కప్పుకున్నాడు. చేతి మీదే కొట్టారు.

అప్పుడు నేను రత్నమ్మతో అంబులెన్స్‌లో ఉన్నాను. వెనక అద్దంలోంచి చూశాను. దిగలేదు. అతను కాదు, నేను అని చెప్పలేదు.

10 సెప్టెంబర్

ఆఫీసుకి రమ్మంటే వెళ్ళాను. అమరనాథ్ సార్ గదిలో జులైలో వచ్చిన సుమో వాళ్ళలో ఇద్దరు సోఫాలో కూర్చున్నారు. పాత బావుల్లో విషవాయువు సహజంగానే ఉంటుందని పోలీసులకి చెప్పేశాం, నీ రిపోర్ట్ కూడా ఇచ్చాం, నువ్వూ అదే చెప్పు అన్నారు సార్. నా రిపోర్ట్ అబద్ధం, అసలు రీడింగులు నా లాగ్‌బుక్‌లో ఉన్నాయన్నాను.

లాగ్‌బుక్ అడిగారు. బ్యాగు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయనే లేచొచ్చి కొట్టారు. ఆ ఇద్దరూ కాదు, ఆయనే. కుర్చీతో సహా పడ్డాను. బ్యాగు లాక్కుని, లాగ్‌బుక్, లాప్‌టాప్, రెండు సీడీలు తీసుకున్నారు. తర్వాత ఆయన గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చారు. సారీ, నాచేత ఇలా చేయించావు అన్నారు.

ఎడమ చెవిలో ఇంకా హోరు.

12 సెప్టెంబర్

పోలీస్ స్టేషన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎస్సై నా సంతకం ఉన్న రిపోర్ట్ తీసి నా ముందు పెట్టాడు. ఇది నీదేనా అన్నాడు. నాదే, అబద్ధం అన్నాను. నిజమేదో కాగితం తెమ్మన్నాడు. కాగితం లేదన్నాను. వాచీ చూసుకున్నాడు.

14 సెప్టెంబర్

రిజైన్ చేశాను. అమ్మీకి ఫోన్‌లో చెప్పాను. కారణం చెప్పలేదు.

30 అక్టోబర్

సుబ్బరాయుడి కుడికన్ను తీసేశారు. చూడ్డానికి వెళ్తే నన్నే ఓదార్చాడు. వాళ్ళ ఇంట్లో ఇద్దరు పోయారు కదమ్మా, ఏం చేస్తారు పాపం అన్నాడు.

6 డిసెంబర్

రత్నమ్మ ఫోన్ చేసింది. ఆస్పత్రి చీటీ మీద నా నంబరుంటే, సర్జాపుర ఎస్టీడీ బూత్ నుంచి చేసిందట.

"మేడమ్, మళ్ళా మోత వస్తాండాది. కంపెనీవాళ్ళు కొత్త మిషను పెట్టుకోనుండారు. పోలీసోళ్ళు కావలుండారు. ఏమీ కాదు కదా? నువ్వు చెప్పితే నమ్ముతాను."

వస్తానన్నాను.

11 డిసెంబర్, ఆస్పత్రి

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు నాకే అర్థం కావడం లేదు. అయినా రాయాలి.

తొమ్మిదో తారీకున వెళ్ళాను. కంప్రెసర్ మోత వీధి దాకా వినిపిస్తోంది. రత్నమ్మ వాకిట్లో రోకలితో దంపుతోంది. నన్ను చూసి రోకలి గోడకి ఆనించింది. పెద్ద పిల్లతో చాప వేయించింది. వలిచిన అనపగింజలు, చిక్కుడు గింజల్లాంటివి, తీసుకుపొమ్మని మూట కట్టి పెట్టింది. జుట్టు పాయ తీసి కుట్ల మచ్చ చూపించింది. అక్కడ వెంట్రుకలు మొలవలేదు.

"నువ్వా పొద్దు కొట్టకుంటే నేనూ ఆ బావిలోనే పోయుందును. ఈ బిడ్డల్ని ఎవురు చూద్దురు? దినామూ నిన్ను తలుచుకుంటాను మేడమ్" అంది.

ఆ మూట నా ఒళ్ళో ఉంది. చెప్పేశాను. ఆగస్టులో మీటర్ ఆరు దాటిందని. కప్పల సంగతి, కుక్క సంగతి. బావిలో దిగితే చస్తారని నాకూ మా సార్‌కీ తెలుసని. తెలిసే లీకేజీ లేదని సంతకం పెట్టానని. ఆ తర్వాత కూడా మీ ఇంటికొచ్చి మజ్జిగ తాగాను గానీ ఒక్కసారి కూడా చెప్పలేదని.

ఆమె జుట్టు సరిచేసుకుంటున్నదల్లా నా వైపు తిరిగింది.

"ముందే తెలుసునా నీకు?"

తెలుసన్నాను.

"మజ్జిగ తాగేటప్పుడూ తెలుసునా?"

తెలుసన్నాను.

రోకలి అందుకుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఏదో విరిగిన చప్పుడు నాకే వినిపించింది. లేవలేదు. రెండోది తల మీదికొస్తుంటే కుడిచేయి అడ్డం పెట్టాను. పెట్టకూడదనుకున్నాను, అదే లేచింది. ఆ చేతి మీద మూడో నాలుగో దెబ్బలు. ఆమె ఏడవడం లేదు, తిట్టడం లేదు. దంచుతున్నట్టే దంచింది. అనపగింజలు వాకిలంతా చెదిరిపోయాయి. మునివెంకటమ్మ వచ్చి రోకలి పట్టుకుంది. ఇంకొక్కటి పడుంటే బతికేదాన్ని కాదని డాక్టర్ అన్నాడు.

మణికట్టు పైన రెండు చోట్ల, భుజం దగ్గర ఒక చోట విరిగాయి. దెబ్బల కేసు కాబట్టి పోలీసులకి చెప్పాల్సిందే అన్నారు. మెట్ల మీంచి పడ్డానన్నాను.

13 డిసెంబర్

పొద్దున హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. చేతిలో కన్నడ కాగితాలు.

రత్నమ్మ నిన్న తనే స్టేషన్‌కి వెళ్ళిందట. రోకలి భుజాన పెట్టుకుని, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని. నేనే కొట్టినా అందట. ఇంటికి పొమ్మన్నారట. పోలేదు. బల్ల మీద రోకలి పెట్టి, కొట్టినా అని రాసుకోండి, యాల కొట్టినానో అదీ రాసుకోండి అందట. కొట్టినట్టు రాస్తే కారణం రాయాలి కదా అని కానిస్టేబుల్ నాతో అన్నాడు, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

ఆమె చెప్పింది చదివి వినిపించాడు. కంపెనీ బోరులోంచి బావిలోకి గ్యాస్ వస్తోందని గాయపడిన సమీనాకి ఆగస్టులోనే తెలుసు. కంపెనీ యజమానికీ తెలుసు. సమీనా తెలిసీ గ్యాస్ రావడం లేదని సంతకం పెట్టింది. అందువల్ల నా భర్త, మరిది చనిపోయారు. అందుకని కొట్టాను.

మూడు నెలలుగా నేను ఎక్కడికి వెళ్ళినా ఎవరూ రాసుకోని సంగతి. అతని కాగితం మీద ఉంది.

ఇప్పుడు మీరే చెప్పాలి అన్నాడు. మెట్ల మీంచి పడ్డానంటే ఇది చించేస్తాను, ఆమె ఇంటికి పోతుంది. ఆమె కొట్టిందంటే కేసు. ఎముకలు విరిగాయి కాబట్టి జైలు పడొచ్చు.

ఆమెతో మాట్లాడాలన్నాను. మధ్యాహ్నం తీసుకొచ్చాడు. మంచానికి దూరంగా, గోడ పక్కన నిలబడింది. నా కట్టు వైపు చూడలేదు. ఇద్దరు పిల్లలున్నారు రత్నమ్మా, నువ్వు జైలుకి పోతే అన్నాను.

"అత్త ఉండాది. నిజమని చెప్పు" అంది. "నాకేమన్నా కానీ. ఆ మోత నిలవాల."

చెప్పాను. ఆమె కొట్టింది, ఆమె చెప్పిన కారణం అక్షరం అక్షరం నిజం. కుడిచేయి కదలదు కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఆమెని అరెస్ట్ చేసి తీసుకెళ్ళారు.

22 డిసెంబర్

పెద్దమునియప్ప జామీను నిలబడ్డాడు. రత్నమ్మ బయటికి వచ్చింది. పది రోజులు లోపల ఉంది.

17 జనవరి 2008

ఒక కన్నడ పేపర్‌లో ఎఫ్ఐఆర్ సంగతి మొత్తం వచ్చింది. ఈ రోజు జిల్లా అధికారులొచ్చి మీటర్లు దించారట. బావిలో ఇరవై అడుగులకి పదకొండు శాతం. కంప్రెసర్ గదికి సీల్ వేశారు. అన్నదమ్ముల చావుల మీద మళ్ళీ ఎంక్వైరీ అన్నారు. సుబ్బరాయుడు ఫోన్ చేసి చెప్పాడు. అక్కడే నిలబడ్డానమ్మా, మోత ఆగేదాకా అన్నాడు.

నన్ను కూడా ముద్దాయిగా చేరుస్తారట. చేర్చాలి.

28 ఫిబ్రవరి

అమరనాథ్ సార్ లాయర్ పీజీకి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఆవేశంలో జరిగింది, రాజీ పడండి, రత్నమ్మ జైలు తప్పించుకుంటుంది, కాగితాలన్నీ నేనే చూసుకుంటాను అన్నాడు. రత్నమ్మ ఇంటికీ వెళ్ళాడట.

ప్రభుత్వ లాయర్‌ని అడిగాను. రాజీ పడితే ఈ కేసు మూసేస్తారు, సాక్షిగా మీరు బోనెక్కరు, ఆమె చెప్పిన కారణం మీద ఎక్కడా విచారణ జరగదు, ఎంక్వైరీ నిలబడింది దాని మీదే అన్నాడు. రాజీ పడకపోతే రత్నమ్మకి శిక్ష తప్పదేమో అని కూడా అన్నాడు.

రత్నమ్మతో ఈ సంగతి మాట్లాడే అవకాశం లేదు. డిసెంబర్ తొమ్మిది తర్వాత ఆమె నాతో మాట్లాడింది ఆస్పత్రిలో ఆ రెండు ముక్కలే.

11 మార్చి 2008

కోర్టులో జడ్జి గారు, రాజీకి ఒప్పుకుంటారా అని మా ఇద్దర్నీ అడిగారు.

ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

మేం సరిగా వినలేదనుకుని ఆయన మళ్ళీ అడిగారు. రత్నమ్మ నా వైపు చూడకుండానే, నా తరఫున కూడా కన్నడలో వద్దని చెప్పింది. "బేడ స్వామీ."